బౌద్ధ ధ్యాన శిబిరాలు: చంద్రపూర్, గడ్చిరోలి, నాందేడ్ తెలుగువారు తరచుగా అడిగే ప్రశ్నలు

మహారాష్ట్రలో బల్లార్షా నుంచి సిరొంచ దాకా, ఇటు ధర్మాబాద్, దెగ్లూర్ దాకా మనవాళ్లు అడిగే సందేహాలు దాదాపు ఒకటే. ఫోనులో ఒక్కొక్కరికీ మొదటి నుంచి చెప్పే బదులు ఇక్కడ రాసి పెట్టాను. ఏ ప్రశ్నకు జవాబు ఆ ప్రశ్న కిందే పూర్తిగా ఉంటుంది. మీకు కావలసింది చదువుకుని మిగతావి వదిలేయండి. శిబిరాల తేదీలు మారుతూ ఉంటాయి కాబట్టి అవి రాయలేదు.

## వెళ్లాలా, వద్దా అని ఆలోచిస్తున్నవారికి

ధ్యానం ఎప్పుడూ చేయలేదు. నేరుగా పది రోజుల విపశ్యనకు వెళ్లిపోవచ్చా?

నియమం ప్రకారం వెళ్లవచ్చు. విపశ్యన నేర్పిన గురువు సత్యనారాయణ గోయెంకా పరంపరలోని పది రోజుల శిబిరం కొత్తవారి కోసమే ఉన్నది. మొదటి మూడు రోజులు శ్వాసను గమనించే ఆనాపాన, నాలుగో రోజు నుంచి ఒంట్లో కలిగే అనుభూతులను గమనించే విపశ్యన నేర్పుతారు. ముందు ఏమీ వచ్చి ఉండనక్కరలేదు.

నియమం ఒప్పుకున్నా ఒళ్లు ఒప్పుకోవాలి కదా. రోజుకు పది గంటలకు పైగా కూర్చోవాలి, ఫోను ఉండదు, మాట ఉండదు. అందుకే ముందు ఒక నెల పాటు ఇంట్లో పొద్దున అరగంట కదలకుండా కూర్చుని చూడమని చెబుతాను. పది నిమిషాల ఆనాపాన సూచనలు విపశ్యన సంస్థ ఉచితంగానే ఇస్తోంది, వాటితో మొదలుపెట్టవచ్చు. ఆ అరగంటలో మనసు నిలవకపోయినా ఫరవాలేదు, అది ఎవరికీ నిలవదు. కూర్చోవడమే భరించలేకపోతున్నారా, అప్పుడు దరఖాస్తు మరో రెండు నెలలు ఆపండి. పక్కింటివారు వెళ్లి వచ్చి గొప్పగా చెప్పారని బయల్దేరినవాళ్లే ఎక్కువగా మూడో రోజు సంచీ సర్దుకుంటారు.

మేము బౌద్ధులం కాము. రానిస్తారా?

రానిస్తారు. విపశ్యన శిబిరంలో మతం మారమని ఎవరూ అడగరు. అయితే శిబిరం మొదట్లో బుద్ధ, ధమ్మ, సంఘ శరణాలు, శీలాలు పాళీలో చెప్పిస్తారు. ఆ పది రోజులు హత్య, దొంగతనం, అబద్ధం, లైంగిక చర్య, మత్తు వద్దన్న అయిదు శీలాలు పాటించాలి. విహారాలలోనూ బయటివారిని కాదనరు. చెప్పులు బయట విడిచి, వెనుక వరుసలో కూర్చుంటే చాలు.

విహారం, విపశ్యన కేంద్రం, త్రిరత్న వాళ్ల శిబిరం: అన్నీ ఒకటే కాదా?

కావు. మన వైపు వచ్చే గందరగోళంలో సగం ఇక్కడే ఉంది.

పేటలోని విహారం ఒక సమాజానికి గుండెకాయ. 1956 అక్టోబరు 14న నాగ్‌పూర్‌లో, 16న చంద్రపూర్‌లో డాక్టర్ అంబేద్కర్ చేతుల మీదుగా జరిగిన బౌద్ధ స్వీకారం, అంటే ధమ్మదీక్ష నుంచి వచ్చిన సంప్రదాయం అది. ఆదివారమో పౌర్ణమికో వెళ్తే తెల్ల చీరలు కట్టుకున్న ఆడవాళ్లు, బుద్ధుడి విగ్రహం పక్కనే బాబాసాహెబ్ పటం, వెలుగుతున్న కొవ్వొత్తులు కనిపిస్తాయి. దేవనాగరి లిపిలో ఉన్న చిన్న పుస్తకం చూస్తూ త్రిశరణం, పంచశీలం పాళీలో చెబుతారు, తర్వాత ఎవరో ఒకరు ప్రసంగిస్తారు. కొన్నిచోట్ల చివర్లో కొద్ది నిమిషాలు ఆనాపాన ఉంటుంది, కొన్నిచోట్ల ఉండదు. ధ్యానం నేర్పే బడి అనుకుని వెళ్తే నిరాశ పడతారు. మనుషుల్ని కలవడానికి వెళ్తే తృప్తిగా తిరిగి వస్తారు.

విపశ్యన కేంద్రం పూర్తిగా వేరు. మయన్మార్‌లో పుట్టి పెరిగిన సత్యనారాయణ గోయెంకా 1969లో భారతదేశానికి వచ్చి నేర్పడం మొదలుపెట్టిన పద్ధతి ఇది. పండుగలు, ఉపన్యాస సభలు ఉండవు, సాధన ఒక్కటే.

త్రిరత్న బౌద్ధ మహాసంఘం సంఘరక్షిత స్థాపించినది. ఇక్కడ ఆనాపానతో పాటు అందరి మేలూ కోరే మైత్రీ భావన కూడా నేర్పుతారు, ధమ్మం మీద చర్చలు ఉంటాయి, మాట్లాడుకోవచ్చు. పది రోజుల మౌనానికి జంకేవారికి ఇది మెత్తని దారి అని నా అభిప్రాయం.

పిరమిడ్ ధ్యానంలో ఏళ్ల తరబడి ఆనాపానసతి చేశాను. నన్ను పాత సాధకుడిగా లెక్కిస్తారా?

లెక్కించరు. గోయెంకా పరంపరలో పాత సాధకులంటే ఆయన దగ్గర గానీ ఆయన నియమించిన ఆచార్యుల దగ్గర గానీ పది రోజుల శిబిరం పూర్తి చేసినవారు మాత్రమే. మీ అనుభవం వృథా పోదు, కూర్చునే అలవాటు ఎంతో ఉపయోగపడుతుంది. కానీ శ్వాసతో పాటు శక్తి, పిరమిడ్, మూడో కన్ను వంటివి కలిపి చేసి ఉంటే శిబిరం సాగినన్నాళ్లూ వాటిని పక్కన పెట్టాలి. దరఖాస్తులో ఇతర సాధనల గురించి అడుగుతారు, ఉన్నది ఉన్నట్టు రాయండి. రేకీ వంటి శక్తి చికిత్సలు చేసేవారైతే ముందే కేంద్రంతో మాట్లాడాలి, ఆ రెండింటినీ కలపనివ్వరు.

మా ఇంట్లో "సన్యాసుల్లో కలిసిపోతావా?" అని ఏడుస్తున్నారు. ఏం చెప్పను?

ఏ రోజు తిరిగి వస్తారో తేదీ చెప్పండి, కేంద్రం ఫోను నంబరు ఇవ్వండి. అత్యవసరమైతే ఆ నంబరుకు చేస్తే మీకు కబురు అందుతుంది. పది రోజుల మౌనం కన్నా ఇంటివాళ్లను భయపెట్టేది మీ ఫోను ఆగిపోవడమే.

వాళ్లు శ్రామణేర శిబిరం గురించి విని భయపడుతూ ఉండవచ్చు. అందులో తల గొరిగించుకుని కొన్ని రోజులు కాషాయం కట్టి భిక్షువుల నియమాలు పాటిస్తారు, ముగిశాక మామూలు బట్టల్లో ఇంటికి వస్తారు. అది ఎక్కువగా బౌద్ధ కుటుంబాల వారి కోసం జరుగుతుంది, ధ్యానం నేర్చుకోవడానికి వెళ్లేవారికి దానితో పని లేదు.

## దగ్గరలో ఏముందో వెతుకుతున్నవారికి

మా ఊరికి దగ్గరలో ఏ కేంద్రం ఉంది?

చంద్రపూర్, బల్లార్షా, రాజురా వారికి ధమ్మ అజయ అనే విపశ్యన కేంద్రం దగ్గర. చంద్రపూర్ నుంచి మూల్ వెళ్లే రోడ్డులో చిచ్‌పల్లి వైపు అజయ్‌పూర్ దగ్గర ఉంది. అది అడవి దారి, పులులు తిరిగే ప్రాంతం. పొద్దు ఉండగానే చేరుకోండి.

ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్ వారికి సరిహద్దు దాటడమే తేలిక. నిజామాబాద్ జిల్లా ఎడపల్లి మండలం పోచారంలో ధమ్మ నిజ్ఝాన ఉంది. ధర్మాబాద్‌లో రైలెక్కితే నిజామాబాద్‌లో దిగవచ్చు.

సిరొంచ వారు ఆలాపల్లి మీదుగా చంద్రపూర్ వెళ్లాలని మొదట అనుకుంటారు. ఆ రోడ్డు మీద నడుము విరిగేదాకా ఎందుకు? ప్రాణహిత వంతెన దాటి మంచిర్యాల చేరితే అక్కడి నుంచి బల్లార్షా వైపూ సికింద్రాబాద్ వైపూ రైళ్లు ఉన్నాయి. హైదరాబాద్‌లో నాగార్జునసాగర్ రోడ్డు మీద ఉన్న ధమ్మ ఖేత్త దేశంలోని పాత కేంద్రాల్లో ఒకటి, 1976 నాటిది.

ఇంకా దూరం వెళ్లగలిగితే నాగ్‌పూర్ దగ్గర ధమ్మ నాగ, నాసిక్ జిల్లా ఇగత్‌పురిలో ధమ్మ గిరి ఉన్నాయి. త్రిరత్న పద్ధతి కావాలంటే నాగ్‌పూర్‌లో కామఠీ రోడ్డు మీద నాగలోక్ అడ్రసు. ఆవరణలో నడుస్తున్న బుద్ధుడి పెద్ద విగ్రహం ఉంటుంది, ఆటోవాళ్లకు అదే గుర్తు చెప్పండి. వర్ధా జిల్లా బోర్‌ధరణ్‌లో వారికి శిబిర కేంద్రం కూడా ఉంది.

మరాఠీ సరిగా రాదు. హిందీ సినిమా చూసేంత వచ్చు. సరిపోతుందా?

సాధన సూచనలు తక్కువ మాటల్లో ఉంటాయి, వాటికి సరిపోతుంది. చిక్కు సాయంత్రం వినిపించే ప్రవచనంతో వస్తుంది. అది గంటకు పైగా సాగుతుంది, ఆ రోజు మీకు కలిగిన సందేహాలకు జవాబు అందులోనే దొరుకుతుంది. అర్థం కాకుండా పది సాయంత్రాలు కూర్చుంటే సగం శిబిరం పోయినట్టే. గోయెంకా ప్రవచనాలకు తెలుగు అనువాదం రికార్డు చేసి ఉంది. దరఖాస్తులో భాష అన్నచోట తెలుగు అని రాసి, ఆ శిబిరంలో తెలుగు వినిపిస్తారా అని ముందే అడగండి. ఇంట్లో పెద్దవాళ్లను, హిందీ అసలు రానివాళ్లను పంపిస్తుంటే మాత్రం తెలంగాణలోని కేంద్రానికే పంపండి. ప్రయాణం నాలుగు గంటలు ఎక్కువైనా ఆ పది రోజులు కలిసొస్తాయి.

"ఒక రోజు విపశ్యన శిబిరం" అని మరాఠీలో పోస్టరు చూశాను. కొత్తవాణ్ణి కదా, ఒక రోజుతో మొదలుపెడితే మంచిది కాదా?

ఆలోచన సబబే కానీ అక్కడ కుదరదు. గోయెంకా పరంపరలో ఒక రోజు, మూడు రోజుల శిబిరాలు పాత సాధకులకు మాత్రమే. చిన్నది కొత్తవారికి, పెద్దది అనుభవజ్ఞులకు అని మనం సహజంగా అనుకుంటాం, ఇక్కడ లెక్క తిరగబడి ఉంటుంది. ఆదివారం పొద్దున్నే భార్యాపిల్లలతో బస్సు దిగి గేటు దగ్గర నుంచే వెనక్కి వచ్చినవాళ్లు ఉన్నారు. పోస్టరులో "జునే సాధక్" (పాత సాధకులు) అన్న మాట ఉందేమో చూడండి, లేకపోయినా ఫోను చేసి అడగండి.

కొత్తవారికి ఒక్క రోజు కార్యక్రమం కావాలంటే త్రిరత్న వారిని, లేదా మీ పేట విహారంలో ధ్యానం చేయించే ఉపాసకులను, అంటే గృహస్థ బౌద్ధులను అడగండి.

దసరాకు దీక్షాభూమికి వెళ్తే ధ్యానం నేర్పుతారా?

నేర్పరు. దీక్షాభూమి అంబేద్కర్ ధమ్మదీక్ష జరిగిన చోటు, ఆ దీక్షను తలచుకునే ధమ్మచక్ర ప్రవర్తన దినం నాడు అక్కడ జనసముద్రం. నాగ్‌పూర్‌లో విజయదశమికి, చంద్రపూర్‌లో అక్టోబరు 15, 16 తేదీల్లో జరుగుతుంది. రైళ్లలో కాలు పెట్టే చోటు ఉండదు. పుస్తకాల దుకాణాల కోసమైనా ఒకసారి చూసి తీరవలసినది, కానీ ప్రశాంతంగా కూర్చోవాలనుకునేవారు మరో వారం వెళ్లడం మంచిది.

గోందియా జిల్లాలో టిబెటన్ల మఠం ఉందట. అక్కడికి వెళ్లవచ్చా?

గోఠణ్‌గావ్ దగ్గర నార్గ్యేలింగ్ టిబెటన్ శరణార్థుల కాలనీ ఉంది. వెళ్లి చూడవచ్చు, మర్యాదగా పలకరిస్తారు. అయితే వారిది వజ్రయానం అనే టిబెటన్ బౌద్ధ శాఖ, పూజలు టిబెటన్ భాషలో సాగుతాయి. ధ్యానానికి కొత్తవారు అక్కడి నుంచి మొదలుపెట్టడం కష్టం.

"జై భీమ్" అంటే నేనేమనాలి? మాది వేరే కులం, అక్కడ ఇబ్బంది ఉంటుందా?

"జై భీమ్" అనే అనండి. "నమో బుద్ధాయ" అన్నా సరే. ఇబ్బంది ఎదుటివారి నుంచి వస్తుందని నేను అనుకోను. మనవాళ్లలో కొందరు విహారంలో ఖీరు (పాయసం) ఇస్తే తాగడానికి వెనకాడతారు. ఆ వెనకాడటం ఇంకా వదలనివారు విహారం గడప తొక్కకపోవడమే మేలు, అక్కడివాళ్లకు అది కొత్తగా చూపించనక్కరలేదు.

ఎంత ఖర్చవుతుంది?

విపశ్యన శిబిరానికి రుసుము లేదు. బస, భోజనం ఉచితం, పూర్తి చేసిన తర్వాత ఇష్టమైతే దానం ఇవ్వవచ్చు. శిబిరం చేయనివారి నుంచి దానం కూడా తీసుకోరు. కాబట్టి గోయెంకా పేరు చెప్పి ముందుగా డబ్బు అడిగితే అది ఆ సంస్థ కాదు. త్రిరత్న శిబిరాలకు భోజన వసతుల కింద కొంత రుసుము ఉండవచ్చు, కనుక్కుని వెళ్లండి.

## దరఖాస్తు చేస్తున్నవారికి

ఫారంలో మందుల గురించి, మానసిక ఆరోగ్యం గురించి రాస్తే రానివ్వరేమో?

రాయండి. దాచిపెట్టి వెళ్లడం అన్నిటికన్నా ప్రమాదం. తీవ్రమైన కుంగుబాటు, భ్రమలు, మూర్ఛ వంటివి ఉన్నవారికి రోజంతా మౌనంగా లోపలికి చూస్తూ కూర్చోవడం మేలు చేయకపోగా కీడు చేయవచ్చు. వాళ్లు వద్దంటే అది అవమానం కాదు. మందులు సొంతంగా ఆపేసి "ఇప్పుడు బాగానే ఉన్నాను" అని రాయడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయవద్దు, ముందు మీ డాక్టరును అడగండి. ఆప్తులు పోయిన దుఃఖంలో ఉన్నవారికీ ఇదే చెబుతాను: మొదటి నెలల్లో విహారానికి వెళ్లి నలుగురి మధ్య కూర్చోండి, పది రోజుల మౌనం తర్వాత చూసుకోవచ్చు.

ఏ నెలలో వెళ్తే మంచిది?

మేలో వద్దు. చంద్రపూర్ ఎండ దేశమంతా ఎరిగినదే, 45 డిగ్రీలు దాటుతుంది. గడ్చిరోలి వైపు తునికాకు పని కూడా అప్పుడే. జూలై, ఆగస్టుల్లో వాగులు పొంగితే సిరొంచ వైపు రాకపోకలు ఆగిపోతాయి. పత్తి రైతులకు ఏరివేత అయ్యాక, జనవరి చివరి నుంచి మార్చి మొదటి వారం దాకా అన్ని విధాలా అనుకూలం. చలికాలంలో తెల్లవారుజామున అడవి పక్కన వణుకు పుడుతుంది, శాలువా తప్పనిసరి.

అయ్యప్ప మాలలో ఉన్నాను. దీక్షలోనే ధ్యానం కూడా అయిపోతుంది కదా?

వద్దు. శిబిరంలో పూజ, జపం, ధూపదీపాలు, మాలలు, తాయెత్తులు అన్నీ ఆ పది రోజులు ఆపాలి. మాల వేసుకున్నవారు రెండు పూటలా పూజ మానలేరు. రెండిటికీ అన్యాయం చేయకుండా మకర జ్యోతి తర్వాత, మాల తీశాక దరఖాస్తు చేయండి. హనుమాన్ దీక్షకూ ఇదే వర్తిస్తుంది.

నెలసరి వస్తే హాలులోకి రానివ్వరా?

అలాంటి నిషేధం ఏదీ లేదు. సరిపడా సామగ్రి తీసుకువెళ్లండి, మధ్యలో బయటికి వెళ్లి కొనుక్కోవడం కుదరదు.

సెలవు ఎన్ని రోజులు పెట్టాలి?

పన్నెండు రోజులు. చేరే రోజు సాయంత్రం మొదలై పదకొండో రోజు పొద్దున ముగుస్తుంది. మహారాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులకు విపశ్యన కోసం ప్రత్యేకంగా సెలవు ఇచ్చే ఉత్తర్వులు ఉన్నాయి, మీ కార్యాలయంలో అడిగి చూడండి.

## శిబిరంలో ఉండబోయేవారికి

రోజు ఎలా గడుస్తుంది?

తెల్లవారుజామున నాలుగింటికి గంట కొడతారు. ధమ్మ సేవకుడు, అంటే శిబిరంలో సేవ చేసే పాత సాధకుడు, ఆ గంట వాయిస్తూ మీ తలుపు ముందు నుంచి వెళ్తాడు, లేవకపోతే మళ్లీ వస్తాడు. నాలుగున్నర నుంచి ఆరున్నర దాకా ధ్యానం, తర్వాత అల్పాహారం. పదకొండుకు భోజనం, అదే చివరి భోజనం. సాయంత్రం అయిదింటికి టీ, కొత్తవారికి పండో మరమరాలో ఇస్తారు. ఏడింటికి ప్రవచనం, తొమ్మిదిన్నరకు దీపాలు ఆర్పుతారు. పదో రోజు పొద్దున దాకా తోటివారితో మాట, సైగ, చూపు కూడా వద్దు. ఆచార్యులతో సాధన గురించి, సేవకులతో అవసరాల గురించి మాట్లాడవచ్చు.

మోకాళ్ల నొప్పులు ఉన్నాయి. కింద కూర్చోలేను.

కుర్చీ అడగండి, ఇస్తారు. ముందే ఫారంలో రాస్తే ఇంకా మంచిది. కూర్చోగలిగినవారు మొదటి రోజు దిండ్లన్నీ కింద పేర్చి సింహాసనం కడతారు, మూడో రోజుకల్లా ఒకటో రెండో మిగులుతాయి. నాలుగో రోజు నుంచి రోజుకు మూడుసార్లు గంట సేపు కదలకుండా కూర్చోమంటారు, దాన్ని అధిష్ఠానం అంటారు. అది ప్రయత్నమే, పరీక్ష కాదు. కాలు కదిపితే ఎవరూ గెంటేయరు.

షుగర్ ఉంది. రాత్రి తిండి లేకుండా ఎలా?

ముందే చెప్పండి, అవసరాన్ని బట్టి ఏర్పాటు చేస్తారు. మందుల వేళలు మీ డాక్టరుతో సరిచూసుకుని వెళ్లండి. చెప్పకుండా సంచీలో బిస్కట్లు దాచుకోవడం కన్నా ఇదే నయం.

మధ్యలో వచ్చేయాలనిపిస్తే?

రెండో రోజు, ఆరో రోజు చాలామందికి అనిపిస్తుంది. ఆ రాత్రి నిర్ణయం తీసుకోకుండా మరునాడు మధ్యాహ్నం ఆచార్యులను కలవండి. భోజనం తర్వాత దాని కోసమే సమయం ఉంటుంది. విసుగు, నొప్పి, ఇంటి మీద బెంగ అయితే ఉండిపోండి. నిద్ర పూర్తిగా పోవడం, లేనివి వినిపించడం, చచ్చిపోవాలన్న ఆలోచన వంటివి వస్తే వెంటనే చెప్పండి, మొండికేయకండి.

## ఒకసారి చేసి వచ్చినవారికి

పది రోజులు అయింది. ఇప్పుడు ఇంకా పెద్ద శిబిరానికి వెళ్లాలా?

తొందర వద్దు. పొద్దున గంట, సాయంత్రం గంట ఇంట్లో కూర్చోమని చెప్పి పంపుతారు. అది నిలిస్తేనే తర్వాతి మాట. ఇప్పుడు ఒక రోజు, మూడు రోజుల శిబిరాలు మీకు తెరిచి ఉంటాయి, మరో పది రోజుల శిబిరానికి వెళ్లవచ్చు, సేవకుడిగానూ వెళ్లవచ్చు. పాత సాధకులకే ఉండే సతిపఠ్ఠాన శిబిరానికి కనీసం మూడు పది రోజుల శిబిరాలు చేసి ఉండాలి. ఇరవై రోజులదానికి ఇంకా ఎక్కువ అడుగుతారు. వంట గదిలో సేవ చేసి చూడమని నేను ముందుగా చెబుతాను. వంద మందికి పప్పు ఉడుకుతుండగా పక్కవాడు ఉప్పు ఎక్కువ వేసినప్పుడు మీ సాధన ఏపాటిదో తెలిసిపోతుంది.

మా కాలనీలో తెలుగువాళ్లం కొందరం ఉన్నాం. వారానికోసారి కలిసి కూర్చోవచ్చా?

తప్పకుండా. అందరూ విపశ్యన పాత సాధకులైతే సామూహిక సాధన పెట్టుకోవచ్చు, దగ్గరి కేంద్రానికి తెలియజేస్తే సలహా ఇస్తారు. కొత్తవారు కూడా కలిస్తే దానికి విపశ్యన పేరు పెట్టకండి, మీకు మీరే గురువులై నేర్పకండి. శ్వాసను గమనిస్తూ అరగంట మౌనంగా కూర్చుంటే చాలు. ప్రతి వారం ఒకే రోజు, ఒకే వేళ పెట్టుకోండి. టీ మాత్రం చివర్లోనే, ముందు పెడితే ఆ రోజు ధ్యానం ఉండదు.

పిల్లలను తీసుకెళ్లవచ్చా?

పెద్దల శిబిరానికి తీసుకెళ్లకూడదు. ఎనిమిదేళ్లు దాటినవారికి వేరుగా ఆనాపాన శిబిరాలు ఉంటాయి. మరాఠీ బడిలో చదివే మన పిల్లలకు భాష సమస్య మనకున్నంత ఉండదు, చంద్రపూర్‌లోనే చేర్పించవచ్చు.